పిల్లప్ప ఎద్దు వేలం పాట

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బెంగళూరు బస్సులు వెనకాల బొగ్గుపొయ్యి తగిలించుకుని దగ్గుతూ తిరిగేవి. దొరల కార్లు షెడ్లలో నిద్రపోయేవి. ఆ పుణ్యమా అని కాటన్‌పేటలో దూది వ్యాపారం చేసుకునే పిల్లప్ప ఒంటెద్దు బండికి ఎక్కడలేని గౌరవం వచ్చిపడింది.

ఆ ఆదివారం పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. అతని చిన్ననాటి స్నేహితుడు యేసురత్నం మేష్టారు దండులోని, అంటే కంటోన్మెంటులోని, తెలుగు చర్చిలో సంఘపెద్ద. బిషప్పుగారి కింద ఉన్న సంఘాలన్నిటికీ కలిపి, బొమ్మలను తెర మీద వెలిగించి చూపే మ్యాజిక్ లాంతరు ఒకటే ఉండేది. గాజు బొమ్మల పెట్టెతో సహా అది ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి తిరుగుతుండేది. ఆ రోజు దండు చర్చిలో కోత పండుగ. లాంతరు పెట్టెనూ, మేష్టారినీ అక్కడ దించేసి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. అంతే.

“దొరలుండే చోటికి పోతాండారు. ఎద్దును ఇట్లే మురికిగా తోలుకొని పోతారా? మన పేట పరువేం కావాల?” అంది భార్య భాగీరథమ్మ. తనే ఎద్దును కడిగి, కొమ్ములకు పసుపు రాసి, మెడలో బంతిపూల దండ వేసింది. “వచ్చేటప్పుడు రెండు గుమ్మడికాయలు తీసుకొని రాండి” అని కూడా చెప్పింది. తిరుగు దారిలో మరిచిపోతానేమోనని పిల్లప్ప పోతూపోతూనే గుమ్మడికాయలు కొన్నాడు. చవగ్గా వస్తుంటే చెరుకు మోపు కూడా బండిలో వేశాడు.

చర్చి ఆవరణంతా అరటి పిలకలు, మామిడాకులు. జనం వంకాయలూ, కోళ్ళూ, జొన్న కంకులూ మోసుకొస్తున్నారు. మేష్టారు లాంతరు పెట్టెను భుజానికెత్తుకుని, “ఈడే కూర్చో పిల్లప్పా, దీన్ని హాల్లో బిగించి వస్తా” అని వెళ్ళాడు. వెళ్ళినవాడు లాంతరు వత్తితో కుస్తీలో పడి మళ్ళీ రాలేదు.

వచ్చింది స్త్రీల సమాజం పెద్ద సలోమమ్మ. పూలదండ వేసిన ఎద్దునూ, గుమ్మడికాయలనూ, చెరుకునూ చూసి ఆమె చేతులు జోడించింది.

“ఇదంతా దేవునికేనా అన్నా?”

దేవుడి మాట వచ్చినప్పుడు కాదనడం పిల్లప్ప ఇంటావంటా లేదు. “మనదేముండాది తల్లీ? అంతా ఆయనదే కదా!” అన్నాడు.

సలోమమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గుమ్మడికాయలు లోపలికి వెళ్ళాయి. నీడన పెడుతున్నారు కాబోలనుకున్నాడు పిల్లప్ప. ఎద్దును బండి నుంచి విప్పారు. నీళ్ళకనుకున్నాడు. కొమ్ముకు తెల్ల రిబ్బను కట్టారు. మర్యాద తెలిసినవాళ్ళు అనుకున్నాడు. పాత గ్రంథాలు చదివి తెలుగు నేర్చుకున్న బిషప్పుగారు వచ్చి మూపురం నిమిరి, “ఈ వృషభము మిక్కిలి రమ్యముగా నున్నది” అన్నారు. పిల్లప్ప ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ప్రార్థన అయ్యాక ఆవరణలో వేలం మొదలైంది. దేవుడికిచ్చిన పంటను పాటపెట్టి, వచ్చిన డబ్బు సంఘం పనులకు వాడడం అక్కడి ఆచారం. పిల్లప్పకు ఆ సంగతి తెలియదు. ఇచ్చిన కాఫీ తాగుతూ చూస్తున్నాడు. ఒక గుమ్మడికాయ అమ్ముడుపోతుంటే, ‘అచ్చం మన కాయ మాదిరే ఉండాదే’ అని ముచ్చటపడ్డాడు కూడా.

తర్వాత ఎద్దును తెచ్చి నిలబెట్టారు.

“యాభై!” అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన. “అరవై!” అన్నారింకెవరో. “డెబ్బై!” అంది టోపీ. పశువుల సంతలో నలుగురూ చేరి ఎద్దుకు వెల కట్టినట్టు, ఈ పెద్దమనుషులు సరదాకు అంచనా వేస్తున్నారనుకున్నాడు పిల్లప్ప. ఆ పైన ఎవరూ పెంచలేదు.

“డెబ్బై, ఒకటోసారి... డెబ్బై, రెండోసారి...” అన్నాడు పాట పాడించే ఆయన.

పిల్లప్పకు ఒళ్ళు మండిపోయింది. “ఏమప్పా, కండ్లుండాయా లేదా మీకు? తొంభై!” అని లేచి అరిచాడు.

“నూరు!” అంది టోపీ.

“నూటిరవై!”

పాట ముగిసినట్టు గంట మోగింది. చప్పట్లు మిన్నుముట్టాయి. “ఇచ్చిందీ ఆయనే, కొన్నిందీ ఆయనే! ఇట్లాంటి భక్తి మనలో యాడుండాది?” అంటూ సలోమమ్మ ఇత్తడి పళ్ళెం తెచ్చి అతని ముందు పట్టింది.

“ఇదేమి తల్లీ?”

“ఎద్దు దుడ్డు అన్నా.”

“ఎవరి ఎద్దు?”

“మీదే.”

“నాదే కదా!”

“అవునన్నా. ఇప్పుడు మీదే.”

చప్పట్లు విని బయటికొచ్చిన మేష్టారు సంగతి కనుక్కుని, నెత్తి పట్టుకుని, అందరికీ విడమరిచి చెప్పాడు. సలోమమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఇంతకీ ఆ టోపీ ఆయన ఎవరని అడిగాడు పిల్లప్ప. పటాలాలకు మాంసం సరఫరా చేసే కాంట్రాక్టరని తెలిసింది. పిల్లప్ప గబగబా వెళ్ళి ఎద్దు మెడను రెండు చేతులా కావలించుకున్నాడు.

బిషప్పుగారే దగ్గరకొచ్చారు. “పొరపాటు మాది. మీ వృషభమును మీరు తోలుకొని పొండు.”

అక్కడితో వెళ్ళిపోవచ్చు. కానీ అంతమంది ముందు నోరారా పాడిన పాట. “కాటన్‌పేట వ్యాపారస్తుణ్ణి సామీ, అన్న మాట వెనక్కి తీసుకోను. కానీ అంత దుడ్డు నా దగ్గర లేదే” అన్నాడు పిల్లప్ప.

బిషప్పుగారు గడ్డం నిమురుకున్నారు. “దుడ్డు వలదు. మా లాంతరును మోయుడు.”

యుద్ధం ముగిసేదాకా ఆ ఎద్దే లాంతరు పెట్టెను మోసింది. హొసకోట వైపూ, ఆనేకల్లు వైపూ, ఎక్కడ సంఘం ఉంటే అక్కడికి. సాయంత్రం తెల్ల దుప్పటి మీద బొమ్మలు వెలిగేవి. పిల్లలతో పాటు నేలమీద కూర్చుని పిల్లప్ప అవే బొమ్మలు మళ్ళీ మళ్ళీ చూసేవాడు. గొర్రెల కాపరి బొమ్మ తలకిందులుగా పడితే అందరికన్నా ముందు అరిచేది అతనే. ఊళ్ళవాళ్ళు వేడి రాగిసంగటి పెట్టేవారు, ఎద్దుకు బెల్లం తినిపించేవారు. యుద్ధం అయిపోయి కార్లు మళ్ళీ రోడ్డెక్కాక కూడా, దారిలో చర్చి కనిపిస్తే చాలు, ఎద్దు దానంతటదే ఆగిపోయేది. పిల్లప్ప అదిలించేవాడు కాదు. కాసేపు తనూ అటే చూస్తూ కూర్చునేవాడు.

సొంత ఎద్దును వేలంలో కొన్న మొగుడని పేటలో ఎవరైనా ఆటపట్టిస్తే భాగీరథమ్మ కోప్పడేది కాదు.

“ఏం చేసేదమ్మా, ఆయన ఏది కొన్నా ఇంతే, రెండింతలు పెట్టి కొంటాడు” అనేది.