శీర్షాసనం వేసిన మానిటర్

ఆ ఉదయం ధరణి వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం, రెండు ఇడ్లీలు, పదకొండింటికి కంప్యూటర్ ముందు ఇంటర్వ్యూ. హైదరాబాదులో ఓ ట్యూషన్ కంపెనీ ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేవాళ్ళ కోసం వెతుకుతోంది. పాప పుట్టినప్పుడు వదిలేసిన టీచరు ఉద్యోగం మళ్ళీ చేతికొచ్చే మొదటి అవకాశం ఇదే. ఒడియావాళ్ళ ఊరు హల్దియాపదర్‌లో అంత ప్రశాంతంగా ఇడ్లీ తింటున్న మనిషిని చూసి, సాయం చెయ్యకుండా ఉండలేకపోయాడు ఆమె భర్త సత్యారావు. రైల్వే ఉద్యోగి, ఆవేళ సెలవు, పైగా కంప్యూటర్‌ని ఎలాగంటే అలా మార్చుకోనిచ్చే లినక్స్‌కి అభిమాని.

అక్షరాలు కాస్త పెద్దవి చేద్దామని డిస్‌ప్లే సెట్టింగుల్లో ఏదో నొక్కాడు. తెరమీద బొమ్మ తలకిందులైంది. "ఈ మార్పు ఉంచమంటారా?" అని ఓ చిన్న పెట్టె అడిగితే, కంగారులో సరేననేశాడు.

ఎడమకి తోస్తే కుడికి పోయే మౌస్‌తో కుస్తీపట్టి మొత్తానికి సరిచేశాడు. సంతోషం ఎక్కువైతే ఆయనకి ఒడియా వస్తుంది. "హేలా! హేలా! అయిపోనాది! ధరణీ, రాయే, సూడు!" అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు. పెట్టె మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. జవాబు చెప్పే నాథుడు లేక, కాసేపు చూసి తెరని మళ్ళీ తలకిందులు చేసేసింది.

"ఏటండీ, తిరగబడే ఉంది కదా?"

"ఇప్పుడే బాగుండేదే! నీమీద ఒట్టు!"

మళ్ళీ సరిచేసి, ఈసారి సాక్ష్యానికి పక్కింటి కూర్మమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, "బాబూ, నా కళ్ళే పోనాయేటి?" అని దిగులుపడింది. ఆ తరవాత వచ్చిన ఇంటి ఓనరు నరసన్న, తప్పు కరెంటుదేనని మెయిన్ ఆపెయ్యబోయాడు.

పదకొండు కావస్తోంది. ధరణి ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఆమెను మెచ్చుకోవలసింది అందుకే. మానిటర్‌ని రెండు చేతులా ఎత్తి తలకిందులు చేసి, గోడకి ఆనించి, అటూ ఇటూ ఆవకాయ జాడీలు పెట్టింది. కెమెరా ఊడదీసి పై అంచుకి తగిలించింది. బొమ్మ సరిగ్గా నిలబడింది. మౌస్ కూడా చెప్పినమాట వింది. కూర్మమ్మకి చూపు తిరిగొచ్చింది.

ఇంటర్వ్యూ చక్కగా సాగుతుండగా సత్యారావుకి కొత్త ఉపాయం తట్టింది. మానిటరే తిరగబడి ఉందన్న సంగతి మరిచిపోయి, పిల్లిలా వచ్చి సెట్టింగు మార్చేశాడు. తెరమీద ఇంటర్వ్యూ చేస్తున్న పెద్దమనిషి తలకిందులుగా వేలాడాడు.

ధరణి నవ్వు చెదరనివ్వలేదు. "ఆ పెట్టెలో ఏటి రాసుందో సదవండి," అంది మెల్లగా. "సదివారా? ఇప్పుడేటి నొక్కాల?"

సత్యారావు పెదాలు కదుపుతూ చదివాడు. జీవితంలో మొదటిసారి పూర్తిగా చదివాడు.

"ఏటీ నొక్కకూడదు," అన్నాడు.

ఇద్దరూ చేతులు కట్టుకు కూర్చున్నారు. పెద్దమనిషి తనంతట తనే నిటారుగా లేచాడు.

"ఆయనెవరమ్మా?" అని తెరమీంచి అడిగాడు.

ధరణి ఒక్కక్షణం ఆలోచించింది. "నా స్టూడెంటండీ."

"ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్ళే మాకు కావాలి. సోమవారం నుంచి పాఠాలు మొదలుపెట్టండి."

ధరణి కళ్ళు చెమర్చాయి. అందరికంటే గట్టిగా "హేలా!" అని అరిచింది సత్యారావే.

మానిటర్ ఇంకా శీర్షాసనంలోనే ఉంది. దాన్ని సరిచెయ్యడానికి స్టూడెంటుకి టీచరుగారి అనుమతి ఇంకా రాలేదు.