ఉత్తర్వు లేని చేపలు

ఈ చెరువును చేపలు పాడుచేయలేదు. "ఎవరు చెప్పారు?" అని అడగడానికి నామోషీపడిన పెద్దమనుషులు పాడుచేశారు. అందులో మొదటి చేపల బకెట్టు వంచినవాడు చెరువుల సంరక్షణ ఆఫీసు గుమాస్తా. మిగతా పాపం అతని పైవాళ్లది.

గుమాస్తా బావమరిది కిందటేడు మేనకోడలికి గాజుతొట్టెలో ఆరు రంగుచేపలు తెచ్చిచ్చాడు. ఒక్కొక్కటి వేలెడు కూడా లేదు. గుడ్లు కాదు, ఏకంగా పిల్లల్నే పెట్టే జాతి. ఏడాది తిరిగేసరికి తొట్టె నిండి, బకెట్లు నిండి, బట్టలు నానబెట్టే టబ్బులోకీ వచ్చాయి.

"మీ తమ్ముడి కానుక," అన్నాడు గుమాస్తా.

"మా తమ్ముడు ఆరే ఇచ్చాడు. మిగతావి మీ పెంపకం," అంది భార్య. "రేపు నా టబ్బు నాకు కావాలి."

మర్నాడు ఆఫీసుకు పోతూ చెరువులో వదిలేద్దామనుకున్నాడు. బయటి చేపలు వదలరాదని గట్టుమీద బోర్డు రాయించింది అతనే. పైగా నాలుగేళ్ల తాత్కాలిక ఉద్యోగాన్ని పర్మనెంటు చేసే కాగితం ఆ వారమే పెద్దసారు బల్ల ఎక్కింది. దొరికితే ఇంటికే. అందుకే జనం లేవకముందే బయల్దేరాడు. ఆఖరి బకెట్టు వంచుతుంటే వెనకనుంచి కాపలాదారు దగ్గాడు.

"ఏంటి సార్, మీరే స్వయంగా..."

గుమాస్తా ఖాళీ బకెట్టు వెనక్కి పెట్టుకున్నాడు. "ఆఫీసు పని," అన్నాడు.

కాపలాదారు సెల్యూట్ కొట్టాడు. ఉత్తర్వు ఏదని అడగలేదు. ఆ ఆఫీసులో అలా అడిగినవాణ్ని "ఓహో, నీకు తెలీదా?" అని నవ్వుతారు. అందుకని కిందినుంచి పైదాకా అందరికీ అన్నీ తెలుసు.

కాపలాదారు పాలవాడికి చెప్పాడు. పాలవాడు వీధులన్నిటికీ చెప్పాడు. పదయ్యేసరికి ఇంట్లో చేపలతో విసిగినవాళ్లంతా గట్టుమీదున్నారు. పళ్లడాక్టరు తన తొట్టెనే ఎత్తుకొచ్చాడు.

"తోసుకోకండి! పెద్దచేపలు అటు, చిన్నచేపలు ఇటు!" కాపలాదారు అరుస్తున్నాడు.

"నావి మధ్యరకం బాబూ, ఎటు పొమ్మంటావు?" అంది ఒక ముసలావిడ.

అప్పుడే పెద్దసారు కారు దిగాడు. ఎవరి ఉత్తర్వని అడగబోయి మింగేశాడు. పైనుంచి వచ్చిందేమో, తనకొక్కడికే చేరలేదేమో! నవ్వుతూ ముసలావిడ బకెట్టు అందుకుని తనే వంచి, ఫొటో దిగాడు. సాయంత్రానికి ఫొటో పై ఆఫీసు చేరింది. వాళ్లూ అడగలేదు. శభాష్, మిగతా పదకొండు చెరువుల్లోనూ కానివ్వండి అన్నారు.

మూడు నెలలకు చేపల మీద పరిశోధన చేసే ఒకావిడ వచ్చి చెరువులో వల వేయించింది. ఒడ్డుకొచ్చిన వల నిండా రంగుచేపలే. ఆమె గుమాస్తా వైపు తిరిగింది.

"ఇక్కడ మన పరిగె చేపలుండేవి. వాటి గుడ్లన్నీ ఇవి తినేశాయి. కప్పపిల్లల్నీ మిగల్చలేదు. ఎవరండీ వీటిని వదిలింది?"

గుమాస్తాకు అన్నం సయించలేదు. మర్నాడు తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లాడు.

"మొదటి బకెట్టు నాది సార్. ఉత్తర్వూ లేదు, పాడూ లేదు. నన్ను తీసేయండి, కానీ చెరువులో వలలు వేయించండి."

పెద్దసారు లేచి తలుపు మూశాడు.

"నువ్వు చేసింది తప్పయితే, నేను ఫొటో దిగింది దేంతో?"

"తప్పుతోనే సార్."

"అందుకని, నువ్వు తప్పు చేయలేదు."

అక్కడికక్కడే పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాడు. కింద ఇంకో వాక్యం చేర్చాడు: పన్నెండు చెరువుల్లో చేపలు వదిలే పనికి ఇకనుంచి ఇతనే ఇన్‌చార్జి.

అయ్యా, పెద్దలూ! ఉత్తర్వు ఎవరిదో తీరిగ్గా తేల్చుకోండి. ముందు ఆ బకెట్లు ఆపించండి. సన్నకన్నుల వలలు దింపించండి, ఈ వారమే. మీ ఫైలు కదలడానికి ఏడాది పడుతుంది. ఆ చేపలకు నెలకో కాన్పు.