కార్ల జాగ

“నేటితో తాండూరు పల్లెటూరు కాదు, మహాపట్టణం!”

పట్టణ ప్రగతి సంఘం అధ్యక్షులు పాండురంగంగారు పందొమ్మిది వందల అరవై మూడులో ఈ ముక్క ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ఊరు పట్టణం కావడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట నిలబడడానికి కాస్త చోటు కావాలి కదా! ఆ చోటులోనే ఇరవై ఏళ్లుగా శాంతవ్వ కూరగాయల గంప పెట్టుకుని కూర్చుంటోంది.

అంగడి మైదానంలో సగం సినిమా హాలుకు, మిగతా సగం సినిమాకు వచ్చే కార్లు నిలపడానికి అని తేల్చారు. హాలు పాండురంగంగారి బావమరిది చంద్రశేఖర్‌ది, నేల ప్రజలది. లాభనష్టాలు న్యాయంగా చెరి సగం పంచుకున్నారు. లాభం ఆయనకు, నష్టం వీళ్లకు!

“పటేలా, మన ఊళ్లె కార్లెన్నున్నయ్?” సభలోనే అడిగింది శాంతవ్వ.

“మూడు,” అన్నారు పాండురంగంగారు.

నిజమే. ఒకటి ఆయనది, ఒకటి డాక్టరుగారిది. మూడోది రజాకార్ల కాలం నుంచి కదలలేదు, అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

“మూడు కార్లకు నలభై కార్ల జాగెందుకు?”

“ముందుచూపు! జాగుంటె కార్లు అవే వస్తయ్.”

“కుడితి తొట్టి కడితె బర్రె పుడ్తదా పటేలా?”

జనం పగలబడి నవ్వారు. తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా నెగ్గింది.

సర్కారు గ్రాంటుతో, ప్రజల చందాలతో నేలంతా నున్నటి నాపరాళ్లు పరిచారు. సున్నంతో నలభై గళ్లు గీశారు. “కార్లకు మాత్రమే. ఎడ్లబండ్లు, పశువులు, గంపలు నిషేధం” అని బోర్డు నాటారు. పశువుల తర్వాత గంపలు!

శాంతవ్వ, ఆమె పక్కనే కూర్చుని ఆకుకూరలమ్మే మార్త, మురికికాలువ గట్టుకు మారారు. అక్కడ ఆగి బేరమాడాలంటే ముక్కు మీది చెయ్యి తియ్యాలి. ఎవరు తీస్తారు? సాయంత్రానికి తోటకూర వాడిపోయేది. అమ్ముడుపోని కూరే ఇంట్లో వండుకునేవారు. ఆ మైదానంలో మూరెడు చోటు తప్ప శాంతవ్వకు మరో ఆస్తి లేదు. అది పోయిందన్న దుఃఖం, కోపం ఆమెను ముద్ద మింగనిచ్చేవి కావు.

సినిమా మాత్రం అదిరిపోయింది. బషీరాబాద్ నుంచి జనం ఎడ్లబండ్ల మీద వచ్చి, బండ్లు నడిరోడ్డు మీద విప్పేవారు. పక్కనే కార్ల జాగ ఖాళీగా ఎండలో మెరిసేది.

మాఘమాసంలో ఆ జాగ ఒక్కసారిగా నిండింది! కార్లతో కాదు, పాండురంగంగారి కందులతో. దుమ్ము లేని బండ, చక్కటి ఎండ, పైసా ఖర్చు లేని కల్లం. నలభై గళ్లూ నిండిపోయాయి. కాపలాకు ఆయన జీతగాడు బీరప్ప.

“బోర్డు మీద కందులు నిషేధమని రాయలే గదా!” అన్నారు అధ్యక్షులు, చట్టం తానే రాసినట్టు.

సరిగ్గా అప్పుడే ఫోను వచ్చింది. గ్రాంటు ప్రజలకెంత పనికొచ్చిందో చూసి రెండో విడత మంజూరు చేయడానికి హైదరాబాదు నుంచి పెద్ద అధికారి బయలుదేరాడు. జీపు వికారాబాద్ దాటేసింది! అన్ని కందులు ఎత్తడానికి ఆ కాస్త సమయం చాలదు.

పాండురంగంగారు కాలువ గట్టుకు పరుగెత్తారు. “శాంతవ్వా, మార్తా! జర నా ఇజ్జత్ కాపాడుండ్రి. కందులు మీయే అని చెప్పుండ్రి. బీదోళ్లకు ఎండబోసుకునేటందుకు ఇచ్చినమని నేనంట.”

శాంతవ్వ కొంగు బిగించింది. “చెప్తం. గని గంపలు తెచ్చుకుని గా జాగలనే కూసుంటం.”

“కూసో తల్లీ, కూసో!”

బీరప్ప బోర్డు పీకి దాచేశాడు. జీపు రానే వచ్చింది.

“కార్లేవండీ?” అన్నాడు అధికారి.

“బీదల కోసం కార్లనే వద్దనుకున్నం సార్,” అన్నారు పాండురంగంగారు గద్గద స్వరంతో.

అధికారి శాంతవ్వ వైపు తిరిగాడు. “ఈ కందులు మీవేనా అమ్మా?”

“మాయే సారూ. కూరగాయలు గూడ ఈడనే అమ్ముకుంటం. పటేలే పిలిచి కూసోబెట్టిండు. గని కాయితం లేదు. రేపెవరన్న లెవ్వమంటె ఏం జెయ్యాలె?”

అధికారి కళ్లు చెమర్చాయి. జీపు బానెట్ మీదే ఉత్తర్వు రాశాడు. ఈ నేల ఇకపై కూరగాయలమ్మే ఆడవాళ్లది. కార్లే లేవు కనుక రెండో విడత అనవసరం. కలం పాండురంగంగారికి అందించాడు. సంఘం తరఫున సంతకం పెట్టే ముందు ఆయన ఉత్తర్వు రెండుసార్లు చదువుకున్నారు. ఆనందమనుకున్నాడు అధికారి, పాపం.

జీపు మలుపు తిరగగానే పాండురంగంగారు ముఖం తుడుచుకున్నారు. “శాబాష్, బాగ చెప్పిండ్రు. ఇగ లెవ్వుండ్రి. నా కందులు...”

“ఒక్క గింజ గూడ మాకొద్దు పటేలా. పొద్దుగూకక ముందే ఎత్తుకపోండ్రి. పొద్దుగాల దోమ ఊరి నుంచి వంకాయలొస్తయ్, జాగ గావాలె,” అంది శాంతవ్వ ఉత్తర్వు రొంటిన దోపుకుంటూ.

“అన్ని కందులు యాడ ఎండబొయ్యాలె నేను?”

“కాల్వ గట్టు మస్తుగుంటది పటేలా. ఇప్పుడే ఖాళీ చేసినం!”