ఆకు అడుగు నేత

గొడవ దువ్వెన దగ్గర మొదలైంది. "నా దువ్వెన ఎవలు తీసిండ్రు?" అంటూ కేశవులు ఇల్లంతా తిరిగాడు. "ఉన్నయి నాలుగు ఎంట్రుకలు. ఏళ్లతోటి సర్దుకో!" అంది భార్య కళావతి. దువ్వెన ఆయన జేబులోనే దొరికింది గానీ, ముంబైలోని పూలతోటకు బయలుదేరడం మాత్రం ఆలస్యమైంది.

ముంబై పక్కన నార్పోలిలో వాళ్ల మరమగ్గాలు వారానికి ఒక్కరోజే ఆగుతాయి. ఎంతో కాలంగా అడగ్గా అడగ్గా కోడలు నీలిమకు ఆ రోజు దొరికింది. బీఎస్సీలో రాక్షస కలువ బొమ్మను ఎన్నోసార్లు గీసింది. ఆ పువ్వు విచ్చుకుంటుంటే కళ్లారా చూసి ఫోటో తీసుకోవాలని ఆమె కోరిక. అదేమో పొద్దుగూకితే గాని విచ్చుకోదు. భర్త నాగేష్ ముందే చెప్పేశాడు: "నాలుగింటికి వాపస్. లేటయితే ట్రాఫిక్ల ఇరుక్కుంటం. ఆకుల ఫోటో తీస్కో, చాలు."

కొలను చూడగానే నలుగురూ గట్టు అంచుదాకా వచ్చేశారు. నవారు మంచమంత ఆకులు, పళ్లెంలా పైకి లేచిన అంచులతో, నీళ్ల మీద కదలకుండా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఒకే ఒక్క మొగ్గ.

"ఏం నేసిండురా దేవుడు! ఎక్కడ అతుకు లేదు," అన్నాడు కేశవులు.

తిరగేసి చూడనిదే ఆయన ఏ గుడ్డనూ నమ్మడు. పెళ్లిలో పెట్టిన పంచెనైనా అందరి ముందే కొస ఎత్తి అడుగు నేత చూస్తాడు. నీలిమ ఫోన్ ఎత్తేలోపు ఆయన గట్టు మీంచి వంగి, ఆకు అంచు పట్టి ఎత్తాడు. అడుగంతా ముళ్లు. "అవ్వో!" అంటూ మోకాటి లోతు నీళ్లలో చతికిలబడ్డాడు. చెయ్యందించిన నాగేష్ కూడా ఆయన పక్కనే కూర్చున్నాడు.

కాపలాదారు ఈల వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. నీలిమ చేతిలో ఫోన్ చూసి, "బుడ్ఢే కో పత్తే పే బిఠా కే ఫోటో?" అని మండిపడ్డాడు. పసిపిల్లలను ఆకు మీద కూర్చోబెట్టేవాళ్లను ఎందరినో చూశాడు గానీ, తాతను కూర్చోబెట్టేవాళ్లను చూడడం ఇదే మొదలు.

"నై భయ్యా, వో మాల్ దేఖ్ రహే థే!" అని, ఆయన సరుకు చూస్తున్నాడంతేనని కళావతి సర్దిచెప్పింది. దాంతో అతనికి వీళ్లు ఆకులు ఎత్తుకుపోయే ముఠా అని రూఢి అయింది. తోట సాహెబ్ వచ్చేదాకా కదలొద్దని నలుగురినీ గట్టు మీది బెంచీకి అప్పగించాడు.

నాలుగు దాటింది. నాగేష్ ప్యాంటు ఇంకా కారుతూనే ఉంది. "ఎట్లుంటది చూడు మా నాయిన తోటి," అని కొలనుకే చెప్పుకున్నాడు. నీలిమ నవ్వును కొంగులో దాచుకుంది.

సాహెబ్ వచ్చేసరికి చీకటి పడుతోంది. కాపలాదారు నేరాలు వరసగా చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. మొగ్గ కదిలింది. లోపలి నుంచి ఎవరో మెల్లగా తోస్తున్నట్టు తెల్లటి రేకులు ఒక్కొక్కటే విడివడ్డాయి. పండిన అనాస వాసన గట్టుదాకా వచ్చింది. నేరం సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. నీలిమ తొందరలో తీసిన మొదటి ఫోటో చెడింది, రెండోది కుదిరింది.

"దీన్ని మాత్రం తిప్పి చూసే పని లేదు," అన్నాడు కేశవులు.

"మేడమ్, ముఝే భీ భేజో," అంటూ కాపలాదారు ఫోటో పంపమని తన ఫోన్ నంబరు చెప్పాడు.

ఇంటికొచ్చి అందరూ అన్నానికి కూర్చున్నారు. "బిడ్డా, గదే పువ్వు రేపు గులాబి రంగయితదంటివి గద?" అని అడిగాడు కేశవులు.

"అవ్ మామయ్యా. రేపటితోటి అయిపోతది."

"గట్లయితే రేపు కార్ఖానా బంద్. అందరం పోతున్నం."

నాగేష్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "చుట్టాలు సచ్చినా మగ్గం ఆపలేదు గదనే నాయినా!"

"వాళ్లెవలు రంగు మారలేదు గదరా."

కళావతి అడ్డు చెప్పలేదు. రేపు మాత్రం పాత ప్యాంటు వేసుకొమ్మని నాగేష్‌తో అంది.