మా ఫుటీ డైరెక్టర్ గారికి నూటికి నూరు

ప్రతి ఇంటికీ ఒక స్పోర్ట్స్ డైరెక్టర్ ఉండాలి! ఇంటికి ఫ్రిజ్ ఎంత అవసరమో ఆయనా అంతే అవసరం. ఫ్రిజ్ కూరల్ని చల్లబరుస్తుంది, డైరెక్టర్ గొడవల్ని చల్లబరుస్తాడు. లోపల పెట్టినవి ఎప్పుడు పాడైపోయాయో రెండింటి విషయంలోనూ మనకు తెలియదు.

నవ్వకండి. నేను గాలి మాటలు చెప్పే మనిషిని కాను. ఒక డైరెక్టర్ గారి నాయకత్వాన్ని ఎదురుగా కూర్చుని, కాలేజీ వాళ్ళు పెట్టిన కొబ్బరి కేకు తింటూ, విచారించి మరీ తీర్పు చెప్పినదాన్ని.

మేముండేది ఆస్ట్రేలియాలోని టూవూంబాలో. ఊళ్ళో రేంజ్‌వ్యూ కాలేజీ అని ఒకటి ఉందనుకోండి. ఆ పేరుతో కాలేజీ ఏదీ లేదు కనుక ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. ఆ లేని కాలేజీలో ఆటలన్నిటికీ అధిపతి క్రెయిగ్ డన్‌మోర్ గారు. ఆరడుగుల పైమాటే. తళతళలాడే పళ్ళు. ఆయన షేక్‌హ్యాండ్ ఇస్తే మన చెయ్యి మళ్ళీ మన స్వాధీనంలోకి రావడానికి కాస్త సమయం పడుతుంది.

కాలేజీకి ఆడపిల్లల ఫుటీ టీమ్ ఉంది. ఫుటీ అంటే ఇక్కడి ఫుట్‌బాల్. బంతిని కాళ్ళతో తంతారు, చేతులతో పట్టుకుంటారు, అది దొరక్కపోతే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుంటారు. గోల్ దగ్గర నాలుగు స్తంభాలుంటాయి. మధ్య రెండింటిలోంచి కొడితే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోకి పోయినా, పోనీలే పాపం అని ఒక పాయింటిస్తారు! గురి తప్పినందుకు కూడా మార్కులేసే ఆటను ఏలాలంటే మనిషికి ఎంత విశాల హృదయం ఉండాలి?

ఆ టీమ్‌లో మా తన్మయి ఆడేది. వాళ్ళ నాన్న బాలమురళిది ఒంగోలు. ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. మా పక్క వీధే. తన్మయి ఇక్కడే పుట్టింది, రేంజ్‌వ్యూలో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. "దోసె తింటావా తల్లీ?" అంటే "యా, నా, ఐయామ్ గుడ్ ఆంటీ" అంటుంది. అందులో అవును ఎంతో, కాదు ఎంతో నాకింతవరకూ అంతుపట్టలేదు.

పోయిన ఏడాది ఒక శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి నేనూ వెళ్ళాను. నేను ఊరి తెలుగు సంఘానికి కార్యదర్శిని. మన అమ్మాయి ఆడుతుంటే ఫోటో తీసి సంఘం పేజీలో పెడదామని నా ఆశ.

మూడో క్వార్టర్‌లో బంతి కోసం ఇద్దరు పిల్లలు ఎగిరారు. తలలు రెండూ ఢీకొన్న చప్పుడు మా దాకా వినిపించింది. అవతలి టీమ్ పిల్ల లేచి దులుపుకుంది. తన్మయి కూడా లేచింది. లేచి, తిన్నగా అంపైర్ దగ్గరకు నడిచి, అచ్చమైన తెలుగులో అడిగింది.

"ఏవండీ, మా అమ్మ ఎక్కడుంది? స్కూలు బస్సు వెళ్ళిపోయిందా?"

బాలమురళి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆండాళ్ గారూ, విన్నారా? అది తెలుగు మాట్లాడుతోందండీ!"

సంఘం కార్యదర్శిగా నా ఛాతీ ఉప్పొంగింది. "మంచిదే కదయ్యా!" అన్నాను.

"మంచిదేందండీ! పుట్టాక ఇంత పొడుగు వాక్యం దాని నోట నేను విన్లా. తలకేదో అయింది!" అంటూ పరిగెత్తాడు. వెనకాలే నేనూ పరిగెత్తాను.

కోచ్ డారెన్ అప్పటికే పిల్ల భుజం తట్టి మైదానంలోకి తోస్తున్నాడు. తలకు దెబ్బ తగిలినట్టు అనుమానం వచ్చినా ఆ రోజుకి ఆట మానిపించాలన్నది రూలు. గేటు దగ్గర ఆ రూలును ఇంత బోర్డు మీద రాసి పెట్టారు. డారెన్ ఆ బోర్డుకి ఆనుకునే నిలబడ్డాడు.

"షీ ఈజ్ ఫైన్, మేట్. మాట్లాడుతోందిగా!" అన్నాడు.

"ఏం మాట్లాడిందో మీకు అర్థమైందా?" అన్నాడు బాలమురళి.

"ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ చాలా కాన్ఫిడెంట్‌గా చెప్పింది!"

క్రెయిగ్ గారు అక్కడే ఉన్నారు, చేతిలో సాసేజ్ చుట్టిన బ్రెడ్డుతో. బాలమురళి ఆయన వైపు తిరిగి, "సర్, ప్లీజ్, మీరైనా చెప్పండి, దాన్ని బయటికి పిలవండి" అని బతిమాలాడు. క్రెయిగ్ గారు నిదానంగా నమిలి, మింగి, అన్నారు: "కోచ్ పనిలో తలదూర్చడం లీడర్‌షిప్ అనిపించుకోదు."

చూశారా ఆ సంయమనం?

తన్మయి చివరిదాకా ఆడింది. ఆడింది అంటే మైదానంలో నిలబడింది. టీమ్ గెలిచింది. ఇంటికి వస్తూ కారులో రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆసుపత్రిలో డాక్టరు కంకషన్ అన్నాడు. తల లోపల మెదడు అదిరిందట. ఆ తర్వాత వారాల తరబడి కర్టెన్లు వేసుకుని చీకటి గదిలో పడుకుంది. వెలుతురు చూస్తే తలనొప్పి, పుస్తకం తెరిస్తే తలనొప్పి. ఆ సెమిస్టర్ ఆసుపత్రి డ్యూటీలు పోయాయి. పరీక్షలు పోయాయి.

ఇలాంటప్పుడు సామాన్యులు ఏం చేస్తారు? కంగారుపడతారు. ఫోన్ చేసి అమ్మాయికెలా ఉందని అడుగుతారు. క్యారేజీలో చారు పట్టుకెళ్తారు. ఆవేశపడి కోచ్‌ని పక్కన పెట్టేస్తారు కూడా! క్రెయిగ్ గారు ఈ తప్పుల్లో ఒక్కటీ చేయలేదు.

బాలమురళి ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే ఆయన ప్రకటన వెలువడింది. పిల్లల క్షేమమే కాలేజీకి ప్రాణమట. ఆ వారమే "మీ మాట వింటాం" అనే కార్యక్రమం బార్బెక్యూతో సహా పెట్టారు. తన్మయిని మాత్రం పిలవలేదు. ఎందుకని అడిగితే, అక్కడ గోల ఎక్కువగా ఉంటుంది, తలనొప్పి వస్తుంది, ఆమె క్షేమం కోసమే అన్నారు. టీమ్ వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేశారు. స్క్రీన్ చూస్తే కళ్ళకు మంచిది కాదు కదా! అంత సూక్ష్మంగా ఆలోచించేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?

తర్వాత టీషర్టులు వచ్చాయి. వాటి మీద "తలెత్తుకు ఆడదాం" అన్న నినాదం. ఆ తర్వాత వాలబీ వంతు. వాలబీ అంటే చిన్న సైజు కంగారూ, అదే టీమ్ గుర్తు; ఎవరో దాని బొచ్చు వేషం వేసుకుని మ్యాచ్‌కి ముందు గంతులేస్తారు. గాయపడ్డవాళ్ళకు సంఘీభావంగా దాని తలకు తెల్లటి కట్టు కట్టించారు. రెండు మ్యాచ్‌లయ్యాక ఎవరికో అనుమానం వచ్చింది. తలకు కట్టుతో గంతులేయడం పిల్లలకు తప్పుడు సందేశం కాదా? వెంటనే క్రెయిగ్ గారు వాలబీకి విశ్రాంతి ఇచ్చారు. కాలేజీలో రూలు అమలు కాదని ఎవరండీ అన్నది?

ఇక కోచ్ డారెన్. ఆయన్ని ఏం చేశారో వింటే మీరు లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఆయన్ని కోచ్‌గా ఉంచుతూనే "క్రీడాకారుల క్షేమ సలహాదారు" అని ఇంకో హోదా కట్టబెట్టారు. తలకు దెబ్బ తగిలితే ఏం జరుగుతుందో అంత దగ్గరగా చూసిన అనుభవం ఇంకెవరికి ఉంది?

తెలివితక్కువ పిల్లలు, ఇంత నాయకత్వం అర్థం చేసుకోలేకపోయారు. టీమ్ మొత్తం ఒకటై, కోచ్‌ని మార్చేదాకా మైదానంలో అడుగుపెట్టం అన్నారు. మ్యాచ్ రోజు జెర్సీలు వేసుకుని వచ్చి, గీత బయట గడ్డి మీద కూర్చున్నారు. అవతలి టీమ్ కాసేపు చూసి గెలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకొకరైతే తలపట్టుకునేవారు. క్రెయిగ్ గారు ఆ సాయంత్రమే ప్రకటించారు: కాలేజీ చరిత్రలో మొట్టమొదటిసారిగా, ఒక్క గాయమైనా లేని మ్యాచ్!

దానితో లోకల్ రేడియోలో గోల మొదలైంది. తల్లిదండ్రులు ఫోన్లు చేసి తిట్టారు. చివరికి కాలేజీ వాళ్ళు డైరెక్టర్ గారి నాయకత్వాన్ని అంచనా వేయడానికి ఒక స్వతంత్ర కమిటీ వేశారు. పూర్తిగా స్వతంత్రమైనది. సభ్యుల్ని క్రెయిగ్ గారే ఎంచుకున్నారు. ఒకరు ఆయన డిప్యూటీ, ఒకరు ఆయనతో గోల్ఫ్ ఆడేవాడు, ఒకరు టీషర్టులు సప్లై చేసిన ఆవిడ. నాలుగోది నేను, ఊళ్ళోని భిన్న సంస్కృతుల ప్రతినిధిగా.

"మీకు ఫుటీ తెలుసా?" అని ఫోన్‌లో అడిగారు.

"ఏమీ తెలియదు" అన్నాను.

"పర్ఫెక్ట్!" అన్నారు.

విచారణ రోజు క్రెయిగ్ గారు తెర మీద బొమ్మలు వేసి చూపించారు. బార్బెక్యూ బొమ్మ, టీషర్టు బొమ్మ, కట్టుతో వాలబీ, కట్టు విప్పాక వాలబీ. నాయకత్వం ఒక గమ్యం కాదు, ప్రయాణం అన్నారు. గోల్ఫ్ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని డిప్యూటీ అడిగితే, ఊరికే కేకు తినేసి రావడం మర్యాద కాదని నేను చెయ్యెత్తాను.

"తన్మయి తల ఇప్పుడెలా ఉందండీ?"

క్రెయిగ్ గారు డిప్యూటీ వైపు చూశారు. డిప్యూటీ టీషర్టులావిడ వైపు చూశాడు. ఆవిడ తెర మీది వాలబీ వైపు చూసింది.

"గ్రేట్ క్వశ్చన్, ఆండాల్! దాన్ని నోట్ చేసుకుంటున్నాం" అన్నారు క్రెయిగ్ గారు.

"ఆమెతో మాట్లాడారా, సర్? ఒక్కసారైనా?"

"ఆమె ప్రైవసీని గౌరవించాం."

ఇంత గౌరవం మనకు మన చుట్టాలైనా ఇస్తారా? బారసాల దగ్గర్నుంచి బీపీ మాత్రల దాకా అన్నీ అడిగేస్తారు!

రిపోర్టులో మిగతా ముగ్గురూ నాయకత్వం ఆదర్శప్రాయం అన్నారు. నేను ఒక్కదాన్నే, దెబ్బ తగిలిన పిల్లను ఆడించినవాణ్ణి తీసేయాలి, ఆడిస్తుంటే చూస్తూ నిలబడ్డాయన ఆ కుర్చీలో ఉండకూడదు అని రాశాను. నా మాటను వాళ్ళు తీసిపారేస్తారని భయపడ్డాను. అనవసరంగా భయపడ్డాను! "కమిటీలో అభిప్రాయ వైవిధ్యం వెల్లివిరిసింది" అని మెచ్చుకుని, నా ఫోటో కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టారు. క్రెయిగ్ గారి పదవీకాలం పొడిగించారు.

ఆ సాయంత్రం బాలమురళి ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. అతను ఇంట్లో లైట్లన్నీ తగ్గించి, చిన్న దీపం వెలుగులో కూతురి కోసం బత్తాయి ఒలుస్తున్నాడు.

"పోనీండి ఆండాళ్ గారూ" అన్నాడు. "వాళ్ళని ఉద్యోగాలు తీసేయమని నేను అడగలా. సారీ కూడా అడగలా. ఇన్ని నెలల్లో ఒక్కరన్నా ఫోన్ చేసి, మురళీ, పాపకెట్టుందయ్యా అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకి ఏం పోయేదండీ వాళ్ళది?"

లోపలి గదిలోంచి తన్మయి గొంతు వినిపించింది. "డాడ్, హూ ఈజ్ ఇట్?" నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, నల్లకళ్ళద్దాల్లోంచి నన్ను చూసి నవ్వింది. పక్కన కూర్చోబెట్టుకుని బత్తాయి తొనలు పెట్టాను. "టేస్ట్స్ నైస్, ఆంటీ" అంది. కొన్నాళ్ళుగా ఏం తిన్నా రుచి తెలియడం లేదని వాళ్ళ నాన్న అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఆ మాట విని అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇప్పుడు పిల్ల కోలుకుంది. ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టింది. డాక్టరు సరేనన్నాక, వద్దంటున్నా వినకుండా మళ్ళీ ఫుటీ కూడా! అయితే కాలేజీకి కాదు, ఊరి చివర ఒక బక్క క్లబ్బుకి. రేకుల షెడ్డు, దాంట్లో ఒక ఫ్రిజ్, బయట వంకర స్తంభాలు. స్కూల్లో సైన్సు చెప్పే ట్రేసీ అనే ఆవిడ వాళ్ళ కోచ్.

పోయిన వారం ఆ క్లబ్బుకీ రేంజ్‌వ్యూకీ మ్యాచ్. బాలమురళి ఈసారి కూర్చోలేదు, కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఆట చివరి క్వార్టర్ దాకా మా వాళ్ళదే పైచేయి. పాయింట్లలో సగం తన్మయి కొట్టినవే. అంతలో ఎవరిదో భుజం తన్మయి దవడకు తగిలింది. గట్టిగా కూడా తగల్లేదు. తూలనైనా తూలలేదు. ట్రేసీ వెంటనే చెయ్యెత్తి బయటకు పిలిచేసింది.

"ఐయామ్ ఫైన్!" అని అరిచింది తన్మయి. "ట్రేసీ, సీరియస్లీ! మనం గెలుస్తున్నాం!"

"తెలుసు, డార్లింగ్. కూర్చో."

"ఇంకొంచెం సేపే ఉంది!"

"కూర్చో" అని ట్రేసీ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ఎదురుగా గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళలోకి చూస్తూ ఏవేవో అడగడం మొదలుపెట్టింది. వెనక ఆట జరుగుతోంది. ఒక్కసారైనా తిరిగి చూడలేదు. మా వాళ్ళు ఓడిపోయారు. తన్మయి బూటు విసిరికొట్టింది. కంచె దగ్గర బాలమురళి మాత్రం, కప్పు గెలిచినవాడిలా, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా షేక్‌హ్యాండ్‌లు ఇస్తున్నాడు.

మీరే చెప్పండి, ఇదేం నాయకత్వం? చేతికొచ్చిన మ్యాచ్‌ని ఒక పిల్ల తల కోసం వదిలేసుకోవడమా? ప్రకటన లేదు, నినాదం లేదు, కనీసం ఒక టీషర్టైనా లేదు! ఉండబట్టలేక క్లబ్బు వాళ్ళనే అడిగేశాను, మీ డైరెక్టర్ ఎవరండీ, ఇదంతా చూస్తూ ఊరుకుంటున్నాడా అని.

వాళ్ళకు డైరెక్టర్ లేడట.