ఫ్రీయే, కాకపోతే...

ఆ ఉదయం పళ్ళ డాక్టరుకు ఉన్న పని ఒక్కటే. ఓడ పై డెక్కు మీద రెండు కుర్చీలు పట్టుకుని, భార్య పక్కన కూర్చుని, సముద్రాన్ని చూడటం. పాతికేళ్ళ కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి ప్రయాణం ఇది. ఇన్నాళ్ళూ సెలవురోజున కూడా ఎవరో ఒకరు చెంప పట్టుకుని తలుపు కొట్టడం, ఆయన భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని లేవడం, ఆమె ఆయన కంచం మీద మూత పెట్టడం మామూలైపోయింది. అందుకే ఓడ ఎక్కుతూనే ఆమె ఒక షరతు పెట్టింది.

"ఇక్కడ ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టకండి. ఒక్క సాయంత్రం, సూర్యుడు మునిగేదాకా, నా పక్కన కుదురుగా కూర్చోండి. ఈసారి కూడా మాట తప్పారంటే, ఇక మీతో వీధి చివరిదాకా కూడా రాను."

డాక్టరు మాటిచ్చాడు. మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. ఆయనకు భార్యంటే ప్రేమా ఉంది, భయమూ ఉంది. కాకపోతే ఆయనకో బలహీనత కూడా ఉంది. ఉచితం అన్న మాట చెవిన పడితే కాలు నిలవదు. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగే రకమని బావమరిది చాటుగా అంటూ ఉంటాడు. ఈ టిక్కెట్లు కొనిపెట్టింది కూడా ఆ బావమరిదే. కొనిపెట్టినవాడు ఊరుకోక, లోపల సగానికి సగం ఫ్రీయేనట బావగారూ, ఏదీ వదలకండి అని చెవిలో ఊది మరీ సాగనంపాడు.

గదిలో అడుగు పెట్టేసరికి మంచం మీద రంగురంగుల కాగితం ఒకటి ఎదురుచూస్తోంది. పళ్ళరసాలు ఉచితం, మాలిష్ ఉచితం, ఫొటో ఉచితం, ఇంటర్నెట్ ఉచితం. డాక్టరు దాన్ని నిలబడే చదివాడు.

"నువ్వు వెళ్ళి కుర్చీలు పట్టు. నేనిలా వెళ్ళి అలా వచ్చేస్తాను," అన్నాడు.

ఇలా వెళ్ళడం జరిగింది గాని, అలా రావడం జరగలేదు.

పళ్ళరసం కౌంటరు దగ్గర ఆయన వేసిన మొదటి ప్రశ్న, ఇది ఫ్రీయేనా అని. కౌంటరు మనిషి చిరునవ్వు చెక్కు చెదరలేదు. "ఫ్రీయే సార్. కాకపోతే గ్లాసుకి సర్వీసు చార్జీ ఉంటుంది." గ్లాసు లేకుండా తాగే మార్గమేదైనా ఉందా అని డాక్టరు గంభీరంగా అడిగాడు. అలాంటి ఏర్పాటు ప్రస్తుతానికి లేదని కౌంటరు మనిషి అంతకన్నా గంభీరంగా చెప్పాడు. కాసేపు వాదించాక గొంతు ఎండిపోయి, డాక్టరు ఒక గ్లాసు తాగక తప్పలేదు.

మాలిష్ గదిలోనూ అదే చిరునవ్వు. అక్కడ మాలిష్ ఫ్రీయే, కాకపోతే ఒక్క భుజానికి. పాపం, ఏ భుజమో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం ఇచ్చారు. డాక్టరు చాలాసేపు ఆలోచించి, వృత్తి ధర్మంగా కుడి భుజాన్ని అప్పగించాడు. అది దూదిలా తేలికయ్యాక మాలిష్ చేసే ఆవిడ ఎడమ భుజం మీద వేలు ఆనించి, "ప్చ్" అంది. ఆ "ప్చ్" విని డాక్టరు ఉలిక్కిపడ్డాడు. అది అచ్చం తన "ప్చ్". ఆయన ఆసుపత్రి గుమ్మం మీద ఉచిత దంత పరీక్ష అన్న బోర్డు ఏళ్ళ తరబడి వేలాడుతోంది. ఉచితానికి ఆశపడి నోరు తెరిచినవాళ్ళ దవడ చివర చూసి ఆయన వదిలే నిట్టూర్పు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని గొణుక్కుంటూ ఎడమ భుజాన్ని దాని ఖర్మానికి వదిలేసి బయటపడ్డాడు.

అప్పటికైనా పై డెక్కుకు వెళ్ళవలసింది. కాని దారిలో ఫొటో తీసేవాడు తగిలాడు. తియ్యడం ఫ్రీయే, కాకపోతే ఇవ్వడం ఫ్రీ కాదు.

ఆయన డెక్కు మీదకు చేరేసరికి భోజనాల వేళ కూడా దాటిపోయింది. భార్య ఒక కుర్చీలో తాను కూర్చుని, రెండోదాని మీద చేతిసంచి పెట్టి, పొద్దుటి నుంచి దాని కోసం అడిగినవాళ్ళందరితో పోట్లాడి గెలిచి, ఒంటరిగా భోంచేసి ఉంది. ఒక భుజం కిందికి, ఒక భుజం పైకి పెట్టుకుని వస్తున్న భర్తను చూడగానే కోపం కన్నా ముందు కంగారు వచ్చింది.

"మెడ పట్టేసిందా?"

"లేదు. సగం వదిలింది."

సాయంత్రం మాత్రం ఎగ్గొట్టకండి అంది ఆమె. ఆ మాట మెల్లగా అనడమే డాక్టరును భయపెట్టింది. ఎగ్గొట్టననీ, ఈలోగా ఇంటర్నెట్ ఒక్కటీ చూసి వస్తాననీ చెప్పి మళ్ళీ దిగాడు.

ఇంటర్నెట్ ఫ్రీయే. కాకపోతే వచ్చే ఏడాది యాత్ర గురించి మేనేజరు చేసే ప్రసంగం విన్నవాళ్ళకే. హాలు కిటకిటలాడుతోంది. తెల్లబట్టల మేనేజరు మైకు పట్టుకుని, ఇంకా కట్టని ఓడలో ఇంకా కట్టని ఈతకొలను గురించి వర్ణిస్తున్నాడు. డాక్టరు పక్కన ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ కూర్చుని ఉంది. ఆమె ఒక చెయ్యి చెంప మీద ఉంది, రెండో చేతిలో రాత్రి ప్రత్యేక విందు కూపను ఉంది. డాక్టరు కళ్ళు కూపను మీద, నోరు మాత్రం అలవాటు మీద పడ్డాయి.

"కింద దవడ, చివరి పన్నా అండీ?"

ఆమె ఆశ్చర్యపోయింది. పళ్ళ డాక్టరని తెలిశాక ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టు అయింది. "సాయంత్రం మీరు ఫ్రీయేనా?" అని అడిగింది.

పంటినొప్పితో విందు తినలేక కూపను తనకు ఇవ్వబోతోందని డాక్టరుకు క్షణంలో అర్థమైపోయింది. "ఫ్రీయేనండీ," అన్నాడు, ఎంతో వినయంగా.

హెడ్‌మిస్ట్రెస్ జీవితమంతా క్లాసు చివరి బెంచీకి వినబడేలా మాట్లాడిన మనిషి. గుసగుస ఆమెకు చేతకాదు. డాక్టరు గారు ఫ్రీయేనట అని వెనక వరసకు చెప్పింది. వెనక వరస దాని వెనక వరసకు చెప్పింది. గోడ దాకా వెళ్ళేసరికి ఆ మాట, పళ్ళ డాక్టరు ఫ్రీగా చూస్తాడట అని మారింది. తన ఈతకొలనును ఎవరూ వినడం లేదని మేనేజరు గ్రహించాడు, కారణం కనుక్కున్నాడు. చురుకైనవాడు.

"మా ఓడ మీకు అందిస్తున్న మరో ఉచిత సదుపాయం," అన్నాడు మైకులో. "ఈ సాయంత్రం, పై డెక్కు మీద, ఉచిత దంత పరీక్ష."

డాక్టరు కాదని చెప్పడానికి లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం చూసి చప్పట్లు హోరెత్తాయి. ఆయనా మనిషే కదా. రెండు చేతులూ జోడించాడు. ఉచితాల వేటకు బయలుదేరినవాడు అలా తానే ఉచితమైపోయాడు.

సాయంత్రం ఎలాగైనా తప్పించుకుందామనే, భార్యను తీసుకుని ఇంకో వైపు పోవడానికి పరుగున పైకి వచ్చాడు. భార్య కాఫీలు తేవడానికి వెళ్ళింది. ఆయన కుర్చీలో హెడ్‌మిస్ట్రెస్ నోరు తెరిచి కూర్చుని ఉంది. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ఆ కళ్ళు చూశాక కాదనడానికి డాక్టరుకు నోరు రాలేదు. వెలుతురు కోసం కుర్చీని పడమటికి తిప్పాడు, పక్క బల్ల మీది చెంచాతో నాలుక నొక్కి చూశాడు, జేబులోని నొప్పిమాత్ర ఇచ్చాడు. ఒక్క పన్నే కదా అనుకుని తలెత్తేసరికి వెనక వరస మెట్ల దాకా ఉంది.

ఆ తరువాత ఆ ఓడలో సూర్యాస్తమయాన్ని అందరికన్నా బాగా చూసింది పంటినొప్పివాళ్ళే. కుర్చీలో కూర్చున్నవాడికి ఎదురుగా ఆకాశమంతా ఎర్రబడుతోంది. డాక్టరు "ఆ" అనండి అంటే వాళ్ళు "ఆహా" అంటున్నారు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడిన డాక్టరు, "అంత అక్కర్లేదండీ, ఆ చాలు," అంటున్నాడు. ఆయన వంతుకు సూర్యుడు ఒకాయన బంగారు పన్ను మీద చిన్న చుక్కగా మెరిసి పోయాడు.

భార్య రెండు కాఫీలతో వచ్చి కాసేపు నిలబడి చూసింది. తన కాఫీ తాగింది. తరువాత ఆయన కాఫీ కూడా తాగింది. తిన్నగా వరస ముందుకు వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ఆ అనండి," అన్నాడు డాక్టరు తలెత్తకుండా.

"ఏమనమంటారు?"

ఆయన చేతిలోంచి చెంచా జారిపోయింది. "నాదే తప్పు," అన్నాడు. "ఊరికే వచ్చేవాటి కోసం ఓడంతా తిరిగాను. నీ దగ్గరికి మాత్రం రాలేదు. ఈ మాట అనడానికే సిగ్గుగా ఉంది."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధమైతే ఆమెకు తెలిసేది. లేచి, వరస వైపు తిరిగి, తేనెలొలికే గొంతుతో అంది. "పరీక్ష ఫ్రీయేనండీ. కాకపోతే ముందు మా వారి ప్రసంగం వినాలి. పాలపళ్ళ దగ్గర్నుంచి మొదలెడతారు."

మధ్యాహ్నం ఒక ప్రసంగం దెబ్బ తిన్న జనం అది. డెక్కు ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కాని అప్పటికే సూర్యుడు మునిగిపోయాడు.

"ఎలా ఉంది సూర్యాస్తమయం?" అడిగింది ఆమె.

"పుచ్చిపళ్ళు చాలా, బంగారు పన్ను ఒకటి."

ఆమె నవ్వకూడదనే అనుకుంది. పెదవి బిగపట్టింది, తల పక్కకు తిప్పుకుంది, లాభం లేకపోయింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సూర్యుడు పొద్దున్నే మళ్ళీ వస్తాడు కదా, అప్పుడైనా లేవండి అంది. డాక్టరుకు గుండెల మీద నుంచి బండ దించినట్టయింది.

తెల్లవారకముందే ఇద్దరూ తూర్పు వైపు డెక్కు మీదికి వచ్చారు. మనిషన్నవాడు లేడు. రెయిలింగ్ పక్కన మెత్తటి దిండ్లు వేసిన కుర్చీలు రెండు, పిలుస్తున్నట్టే ఉన్నాయి. డాక్టరు కూర్చోబోయేంతలో యూనిఫారం వేసుకున్న ఒకాయన నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

"గుడ్ మార్నింగ్ సార్. సూర్యోదయం మా తరఫున మీకు ఉచితం," అని, తరువాతి మాట కోసం ఊపిరి తీసుకున్నాడు.

డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. భార్య చెయ్యి పట్టుకుని రెయిలింగ్ దగ్గరికి నడిచాడు.

ఇద్దరూ నిలబడే చూశారు.