ఆలోచిస్తే ఆరిపోయే లైటు

మనిషి కదలకపోతే దానంతటదే ఆరిపోయే లైటు ఈ శతాబ్దానికి దొరికిన వరం. కాదనేవాడు కరెంటు దొంగ. లేదా ఫిలాసఫర్.

గడ్డి మైదానాల నడుమ ఉన్న మా ప్రెయిరీ యూనివర్సిటీలో ఇప్పుడు గదికో సెన్సర్. ఎవడు పనిచేస్తున్నాడో, ఎవడు కూర్చుని జీతం తింటున్నాడో ఇన్నాళ్ళూ తెలిసి చచ్చేదా? ఇప్పుడు పైకప్పే చెబుతుంది. కదిలితే ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు.

ఒదీల్ ఫూర్నియేనే చూడండి. గణితం ప్రొఫెసర్. ప్రధాన సంఖ్యల లెక్కల్లో కనిపించే ఎడాలూ, బరువైన పరమాణువుల గుండెలో శక్తి మెట్ల మధ్య ఎడాలూ ఒకే తీరుగా ఎందుకుంటాయో తేల్చాలని ఆవిడ పంతం. ఎలా తేలుస్తుందిట? బోర్డు ముందు కుర్చీ వేసుకుని, బండరాయిలా కూర్చుని! ఇదీ ఒక పనేనా? సెన్సర్ లైటు ఆర్పేసింది. మంచి పని చేసింది.

క్లాసులోనూ ఇదే వరస. "పెన్నులు కింద పెట్టి కాసేపు ఆలోచించండి," అంది. పిల్లలు పాపం నిజంగానే ఆలోచించారు. హాలంతా చీకటి.

"మేడమ్, లైటుకి కూడా అర్థం కాలేదు," అన్నాడెవడో వెనక బెంచీ నుంచి.

ఆ క్లాసుకి ఎవరూ రాలేదని ఆఫీసు వాళ్ళు రాసుకున్నారు. ఆవిడ గది కూడా ఎప్పుడూ ఖాళీయేనని తేల్చి, శుక్రవారం వచ్చి చూసి మార్కెటింగు వాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. గది పోతే బోర్డూ పోతుంది. బోర్డు మీద సగం రుజువుంది.

కింది అంతస్తు ఫిజిక్సు ప్రొఫెసర్ హెన్రీ క్లాసెన్ ఆవిడ గదిలోకి తొంగిచూశాడు.

"ఏం తల్లీ, చీకట్లో తపస్సా? ఓసారి చెయ్యి ఊపరాదూ?"

"ఊపితే తెగిపోతుంది, హెన్రీ."

"ఏది?"

"ఇప్పుడే దొరికింది. నువ్వు మాట్లాడకు."

క్లాసెన్ వెళ్ళి, ల్యాబ్ నుంచి అయస్కాంతంతో ఆగకుండా ఊగే లోలకం తెచ్చి సెన్సర్ కింద వేలాడదీశాడు. ఇక లైటు ఆరితే ఒట్టు.

శుక్రవారం ఆఫీసరు బ్రెంట్ హాలోవే వచ్చాడు. చేతిలో ఫోనులో సెన్సర్ లెక్క చూసి మురిసిపోయాడు.

"శభాష్. ఈ గదిలో ఎవరో పగలూ రాత్రీ కష్టపడుతున్నారే. మరి ఈవిడెవరు, ఊరికే కూర్చుంది?"

ఒదీల్ తల తిప్పలేదు. క్లాసెనే చెప్పాడు.

"లోలకానికి అసిస్టెంటు."

"సరే, ఉండనీ."

అలా గది దక్కింది. ఆ సాయంత్రమే ఆవిడ లేచి బోర్డు మీద మిగతా సగం రాసింది.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా సెన్సర్ గొప్పదని? ఇంకా అనుమానముంటే మా యూనివర్సిటీ పాలకుల మీటింగు హాలు చూడండి. చేతులు ఊగుతూనే ఉంటాయి, తలలు ఆడుతూనే ఉంటాయి. సెన్సర్ పెట్టిన నాటి నుంచి అక్కడ లైటు ఒక్కసారీ ఆరలేదు.

ఆ హాల్లో ఎవరైనా ఆలోచించారని నింద వేసే దమ్ము ఎవడికుంది?